చిన్న రేకుల షెడ్డండీ

నేను ఒక జింకు రేకుని. ఎండకి మెరుస్తాను, వానకి అరుస్తాను. నా నోరు పెద్దదని అందరూ అంటారు. అననివ్వండి. చినుకు పడిందని పెంకు చెప్పదు, తాటాకు చెప్పదు, శ్లాబు అసలే చెప్పదు. ఊరందరికంటే ముందు చెప్పేది నేనే. కానీ నా నోటికి వాన కావాలి. వాన లేకపోతే నాకు మాట లేదు. గట్టిగా అరిచి చెప్పవలసిన రోజు ఒకటి వచ్చింది. ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు. నా కథలో ఏడుపంతా అక్కడే ఉంది.

విశాఖ వైపు ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. ఇనుముని అప్పడంలా పలచగా సాగదీసి, మరిగే జింకులో ముంచి తీసి, చక్రాల మధ్య నుంచి లాగి నాకీ వంపులు పెట్టారు. ఒక కట్టగా లారీ ఎక్కించి గోదావరి దాటించారు. అమలాపురంలో ఒక కొట్టు ముందు గోడకి చేరబడి ఉండగా ఒక రైసుమిల్లు ఆసామి వచ్చి, వేలితో టంగుమని కొట్టి చూసి, మా కట్ట మొత్తం కొన్నాడు. తవుడు బస్తాలు తడవకుండా నాలుగు స్తంభాలు పాతి, వాటి మీద మమ్మల్ని పరిచి మేకులు కొట్టాడు.

అదీ షెడ్డంటే. షెడ్డు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు కాబట్టి చెబుతున్నాను, వినండి. షెడ్డు కింద ఎవరూ తలెత్తి పైకి చూడరు. బస్తాలు వస్తాయి, పోతాయి. హమాలీలు బీడీ కాల్చుకుంటారు, కాకి వచ్చి నెత్తిన రెట్ట వేసి పోతుంది. నువ్వొకదానివి అక్కడున్నావని ఎవరికీ గుర్తుండదు. చాలా ఏళ్లు అలా పడి ఉన్నాను. తరవాత మిల్లు మూతపడింది, ఆసామి కొడుకులు సామాను తెగనమ్ముతుంటే ఏడుకొండలు వచ్చి మమ్మల్ని కొనుక్కున్నాడు.

ఏడుకొండలుది కొమరవారిపాలెం. సముద్రపు హోరు వినబడేంత దగ్గర. కొబ్బరికాయలు వలిచే పని. నేలలో గునపం పాతుకుని, కాయని దాని మొన మీద గుచ్చి తిప్పితే పీచు డొక్క ఊడి వచ్చేస్తుంది. అలా వలిచీ వలిచీ అరచేతులు కూడా డొక్కలాగే అయిపోయాయి. ఆ చేతులతోనే ఇటుకలు మోసి, భార్య వీరకుమారి అడుసు తొక్కి అందిస్తుంటే, మట్టితో గోడలు లేపాడు. సిమెంటు కొనే స్తోమతు లేదు. ముందు గోడకి మాత్రం సిమెంటు పైపూత వేయించాడు. గోడల మీద వాసాలు వేసి, మమ్మల్ని పరిచి, కొక్కేలు బిగించాడు. పెళ్లయినప్పటి నుంచీ పరాయివాళ్ల దొడ్డిలో పాక వేసుకుని బతికిన మనుషులు. చివరి కొక్కెం బిగించాక వీరకుమారి లోపలికి వచ్చి, నడిమధ్యలో నిలబడి, తలెత్తి నన్ను చూసింది. నన్ను ఒక మనిషి అలా చూడటం అదే మొదటిసారి.

మిల్లులో కొట్టిన మేకు తాలూకు చిల్లు ఒకటి నాలో ఉండిపోయింది. దాంట్లోంచి ఎండ దిగి, నేల మీద రూపాయి బిళ్లంత వెలుగు పడేది. తారు పెట్టి మూసేస్తానన్నాడు ఏడుకొండలు. "ఉండనీయి మావా, బాగుంది," అంది వీరకుమారి. పొద్దు తిరిగేకొద్దీ ఆ వెలుగు జరుగుతూ జరుగుతూ రుబ్బురోలు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గేదెకి పాలు పితకడానికి లేచేది. వాన వస్తే చిల్లు కింద గిన్నె పెట్టేది. నాలో ఉన్న లోపం కూడా ఒకరికి పనికొచ్చిందంటే నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఇప్పుడు ఈ మనుషుల్లో నాకు ఒళ్లు మండే సంగతి ఒకటి చెప్పాలి. మా కోనసీమ వాళ్లు తమది ఏదైనా సరే తక్కువ చేసి చెబుతారు. పది కూరలు వండి పెట్టి "ఏదో పచ్చడి మెతుకులండి" అంటారు. రెండంతస్తుల మేడ కట్టుకుని "మా కొంప" అంటారు. గొప్ప చెప్పుకుంటే దిష్టి తగులుతుందనో, ఎదుటివాళ్లు ఏమనుకుంటారోననో, అదో మర్యాద. వీరకుమారి ఆ మర్యాదలో అందరినీ మించిపోయింది. దారిన పోయేవాళ్లు "ఇల్లు కట్టుకున్నారంట కదమ్మా!" అంటే చాలు, సిగ్గుపడిపోయి, "ఇల్లెక్కడిదండి బాబూ, ఏదో చిన్న రేకుల షెడ్డండీ," అనేది. నాకు పైన కాలిపోయేది. షెడ్డా? నేను చూసిన షెడ్డులో దేవుడి పటం ఉందా? పొయ్యి ఉందా? వెల్లకిలా పడుకుని నాతో కబుర్లు చెప్పే మనిషి ఉందా? అయితే మొగుడూ పెళ్లాలు ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం "మన ఇల్లు" అనేది. ఆ మాట అనేటప్పుడు గొంతు మారిపోయేది. అది విని నేను చల్లబడేదాన్ని.

గేదెని కొనడానికి బ్యాంకులో అప్పు తీసుకున్నప్పుడు గేదెకి బీమా చేశారు, పనిలో పనిగా ఇంటికి కూడా చేసేశారు. గేదె చెవికి పసుపుపచ్చ బిళ్ల కుట్టారు. నాకేమీ కుట్టలేదు. వీరకుమారికి అది నచ్చలేదు.

"ఇంటిక్కూడా ఓ బిళ్ల ఏయించకపోయావా మావా?"

"ఎక్కడేత్తారే? ఇంటికి సెవులుండొద్దూ?" అన్నాడు ఏడుకొండలు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నేను కూడా నవ్వాను, అప్పుడు చినుకులు పడుతున్నాయి కాబట్టి.

కార్తీకమాసంలో తుఫాను వచ్చింది. ముందురోజే దండోరా వేసి అందరినీ బడిలోకి తరలించారు. ఏడుకొండలు గేదె పలుపు విప్పేసి, తలుపు గొళ్లెం పెట్టి, ఇంటి గోడ మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లాడు. మధ్యాహ్నానికి గాలి మొదలైంది. అలాంటి గాలిని నేను ఎన్నడూ చూడలేదు. కిందనుంచి దూరి మమ్మల్ని పైకి ఎత్తుతుంది, మళ్లీ వాసాల మీద వేసి కొడుతుంది. కొక్కేలు ఒక్కొక్కటే తెగుతుంటే నా గొంతు చించుకుని అరిచాను. ఎవరు వింటారు? మొదట చూరు వైపు రేకు లేచిపోయింది, దాని వెనక మరొకటి, ఆ తరవాత నేను. ఇంటి పక్కన గేదెకి వేసిన తాటాకు పాక సంగతి సరేసరి, అది నేలకి అంటుకుపోయింది. నా తోడివాళ్లు చాలామంది రొయ్యల చెరువుల్లో పడి మునిగిపోయారు. నేను మాత్రం ఒక కొబ్బరిచెట్టు మట్టల మధ్య చిక్కుకుని, నడుం విరిగి వేలాడాను.

మర్నాడు వాళ్లు తిరిగి వచ్చారు. గోడలు నాలుగూ నిలబడే ఉన్నాయి. పైన ఏమీ లేదు. వీరకుమారి తలుపు గొళ్లెం తీసుకుని మరీ లోపలికి వెళ్లింది పాపం, పైకప్పు లేని ఇంటికి తలుపొకటి. నడిమధ్యలో నిలబడి అలవాటుగా తలెత్తి చూసింది. ఆ తరవాత బురదలోనే కూలబడి ఎలుగెత్తి ఏడ్చింది. ఏడుకొండలు చెట్టెక్కి నన్ను దింపి, గోడకి చేరవేసి, నా పక్కనే కూర్చున్నాడు.

ఇక్కడ ఒక సంగతి మీరు గుర్తుంచుకోవాలి. ఆ గోడలు మట్టితో కట్టినవి. నెత్తిన కప్పు ఉన్నంతకాలం వందేళ్లయినా ఉంటాయి. కప్పు లేకుండా ఒక్క వానాకాలం మీద పడితే కరిగిపోతాయి. అంటే వచ్చే తొలకరిలోపు కప్పు పడాలి. లేకపోతే ఇల్లు లేదు. అది వాళ్లిద్దరికీ తెలుసు, నాకూ తెలుసు.

బీమా సంగతి ఏడుకొండలుకే గుర్తొచ్చింది. బ్యాంకుకి పరిగెత్తాడు, వాళ్లు కంపెనీకి ఫోను కలిపి ఇచ్చారు. సర్వేయరుగారు వచ్చి చూసేదాకా దేన్నీ కదపకండి, ఉన్నది ఉన్నట్టు ఉంచండి అని చెప్పారట. పక్కింటి అబ్బులు వచ్చి, "బావా, మా గొడ్ల పాకకని కొట్టించిన తాటాకు ఉంది. కప్పేసుకో. నాది తరవాత సూసుకుందాం," అన్నాడు.

"వద్దు బావా," అన్నాడు ఏడుకొండలు. "ముట్టుకోవద్దన్నారు. ముట్టుకుంటే డబ్బులు రావంట."

చెప్పిన మాట వినడంలో ఆ మనిషిని మించినవాడు లేడు. సామాను, వంటగిన్నెలు, మంచం అబ్బులు డాబా అరుగు మీదికి చేర్చారు. వాళ్లూ అక్కడే పడుకున్నారు. గేదె ఎక్కడికో పోయి, బురద పూసుకుని క్షేమంగా తిరిగి వచ్చింది. దానికి పాక లేదు. సముద్రం మీద నుంచి చలి పుట్టించే ఈదరగాలి కొడుతోంది. చూలు గేదె. పోనీలెమ్మని ఇంట్లో, గోడల చాటున, రుబ్బురోలు పక్కన కట్టేశారు.

సర్వేయరుగారు వచ్చిన రోజే నేను మొదట్లో చెప్పిన రోజు. ఆకాశం కడిగి ఆరబెట్టినట్టుంది. ఆయన మంచివాడు, అది ముందే చెబుతున్నాను. మన వైపువాడు కాడు, ఎక్కడో పైజిల్లాల నుంచి బదిలీ మీద వచ్చినవాడు. బూట్లకి బురద అంటినా విసుక్కోలేదు. టేపు పెట్టి కొలిచాడు, ఫోనుతో ఫొటోలు తీశాడు, నన్ను కూడా అటు తిప్పి ఇటు తిప్పి తీశాడు. వీరకుమారి అబ్బులు దొడ్లోంచి కొబ్బరిబోండాం కొట్టించి తెచ్చి రెండు చేతులతో ఇచ్చింది. ఇంటికి పెద్దమనిషి వచ్చాడు, కూర్చోబెట్టడానికి కుర్చీ లేదు. ఆ సిగ్గుతో సగం చచ్చిపోతోంది.

"ఏవనుకోకండి సార్, కూకోడానిక్కూడా ఏవీ లేదు," అంది. "మాదేవుందండి బాబూ, ఏదో చిన్న రేకుల షెడ్డండీ."

ఓసి నీ మర్యాద తగలెయ్యా, అనుకున్నాను.

"షెడ్డా?" అన్నాడాయన.

"ఆయ్. చిన్న షెడ్డండి."

ఆయన కళ్లు గేదె మీదికి వెళ్లాయి. గడ్డి నములుతూ, చెవి బిళ్ల ఊపుకుంటూ, అది నిజంగా ఆ ఇంటి యజమానిలాగే నిలబడి ఉంది.

"గేదెను కట్టేది ఇందులోనేనా?"

"ఆయ్," అన్నాడు ఏడుకొండలు.

ఈ ఆయ్ ఉందే, దీని గురించి బయటివాళ్లకి తెలియదు. మావాళ్ల నోట్లో ఆయ్ అంటే విన్నానండి, చెప్పండి, చిత్తం, మీరంతటివారు, ఇలా ఎన్నో అర్థాలు. అవును అనే అర్థం కూడా ఉంది గాని అది ఎక్కడో చివర ఉంటుంది. సర్వేయరుగారికి ఆ చివరిదొక్కటే తెలుసు.

"మరి మీరు ఉంటున్నదెక్కడ?"

"అదుగోనండి, ఆ డాబా అరుగు మీదండి," అంది వీరకుమారి, అబ్బులు ఇంటివైపు చూపించి.

అంతే. మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. ఒక్కటీ అబద్ధం కాదు. నేను గోడకి ఆనుకుని ఉన్నాను, మూరెడు దూరంలో. ఒక్క జల్లు, ఒకే ఒక్క జల్లు పడితే ఇది ఇల్లురా బాబూ అని చెవులు చిల్లులు పడేలా అరిచేదాన్ని. ఎండ పెళపెళలాడుతోంది.

"మీరేం భయపడకండి. ఏది ఉందో అదే రాస్తాను," అని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. అదే రాశాడు.

ఇక ఎదురుచూపులు మొదలయ్యాయి. ఏడుకొండలు ఫోను చేస్తే "ఫైలు నడుస్తోంది" అనేవారు. ఆ నడిచేదేదో కొమరవారిపాలెం వైపు మాత్రం నడవలేదు. గోడల మీద కప్పుకోమని ప్రభుత్వం వాళ్లు ఒక ప్లాస్టిక్ బరకం ఇచ్చారు. ఎండకి అది పెళుసెక్కి, కాకులు పీకి, శివరాత్రి నాటికే పేలికలైపోయింది. తాటాకు కప్పితే డబ్బులు రావేమోనని ఏడుకొండలుకి ఇంకా భయమే. అబ్బులు చూసి చూసి, తాటాకు పుచ్చిపోతోందని తన పాక మీద కప్పేసుకున్నాడు. అతని తప్పేమీ లేదు. ఎండాకాలం పోయింది. మామిడికాయలు అయిపోయాయి. అప్పుడు ఫోను వచ్చింది, క్లెయిము కుదరదని.

కుదరదంటే ఎందుకు కుదరదో అడుగుదామని ఇద్దరూ టౌనుకి బయల్దేరారు. ఏడుకొండలు తన బుర్రకి తోచిన పని ఒకటి చేశాడు. నన్ను ఆటో మీద తాళ్లతో కట్టించి వెంట తీసుకెళ్లాడు. సాక్ష్యం చూపిస్తే నమ్ముతారని! దారిపొడుగునా జనం చూసి నవ్వారు. ఆఫీసు గుమ్మం దగ్గర వాచ్‌మన్ నన్ను లోపలికి రానివ్వలేదు. కిటికీ కింద గోడకి నిలబెట్టారు. ఏసీ నీళ్లు నా మీద ఒక్కొక్క చుక్క టక్కు టక్కుమని పడుతున్నాయి. ఆ చుక్కలతో ఏం మాట్లాడను? లోపలి మాటలు మాత్రం అన్నీ వినిపించాయి.

ఎవరో మేడంగారు. గొంతుని బట్టి మా వైపావిడే. "అమ్మా, పాలసీ మీరు కాపురముంటున్న ఇంటికి. పడిపోయింది గేదెల షెడ్డు. షెడ్డుకి రాదమ్మా," అంది.

"గేదెల షెడ్డేంటండి? అది మా ఇల్లండి!"

"షెడ్డని మీరే చెప్పారంట కదమ్మా. గేదె కట్టేసున్న ఫొటో కూడా ఉంది."

"షెడ్డంటే ఇల్లేనండి! మాటవరసకి అలా అంటామండి. అందరం అంటామండి. గేదె తుఫానుకి ముందు దాని పాకలో అది ఉండేదండి. అది కూడా పడిపోతే, చూలుదని లోపల కట్టేమండి."

మేడంగారు కుర్చీ ముందుకి జరుపుకున్న చప్పుడైంది. తరవాత గొంతు తగ్గించి, "నాకు తెలుసమ్మా. మా అమ్మ కూడా మేడలో ఉండి కొంప అనే అంటుంది," అంది. "కానీ ఒకసారి రాసేశాక నా చేతిలో ఏముంటుంది? మళ్లీ చూడమని పైకి పంపిస్తాను. ఆలస్యమవుతుంది. వాళ్లు ఒప్పుకుంటే ఇంకొకరు వచ్చి చూస్తారు. సరేనా?"

"ఆయ్," అన్నాడు ఏడుకొండలు.

"నువ్వు ఆయ్ అనకు!" అని అరిచింది వీరకుమారి. "నీకు దణ్ణం పెడతాను మావా, ఎవరేవడిగినా నువ్వింక ఆయ్ అనకు."

తిరుగు ప్రయాణంలో ఇద్దరూ చెరో వైపు తిరిగి కూర్చున్నారు. ఆటో గోతుల్లో పడినప్పుడల్లా నేనే గడగడలాడాను.

ఏరువాక పున్నమి ముందు తొలకరి పడింది. గోడకి చేరవేసి ఉన్న నా మీద కూడా పడింది. ఇన్నాళ్లకి నోరొచ్చింది, ఏం చెప్పను, ఎవరికి చెప్పను? మొదట గోడల నెత్తిన మట్టి ఊరి కారింది. వీరకుమారి అబ్బులు ఇంట్లోంచి దుప్పట్లు, గోనెసంచులు, చివరికి తన చీరలు కూడా తెచ్చి గోడల మీద పరిచి రాళ్లు పెట్టింది. ఏడుకొండలు కొబ్బరాకులు నరికి తెచ్చి వేశాడు. వాన తెరిపివ్వలేదు. వెనక గోడ మెల్లిగా, అలిసిపోయిన మనిషి కూర్చున్నట్టు, కూర్చుండిపోయింది. దాని వెనక పక్కగోడలు. సిమెంటు పూసిన ముందు గోడ ఒక్కటే తలుపుతో సహా కొన్నాళ్లు నిలబడింది. తరవాత అదీ ముందుకి వాలిపోయింది.

భాద్రపదంలో ఇంకో సర్వేయరుగారు వచ్చాడు. పైవాళ్లు ఒప్పుకున్నారట మరి. వీరకుమారి ఈసారి బోండాం ఇవ్వలేదు, కుర్చీ లేదని సిగ్గుపడలేదు. ఆయన బండి దిగకముందే ఎదురెళ్లి, "ఇల్లండి. మా ఇల్లండి. గాలికి కప్పెగిరిపోయిందండి. మేం కాపురమున్న ఇల్లండి," అంది. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు అంది. ఆయన చుట్టూ చూశాడు. ఇటుకల కుప్ప, దాని మీద మొలిచిన తుమ్మికూర, పక్కన నేను.

"ఎక్కడమ్మా ఇల్లు?" అన్నాడు.

ఆయన వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగాడు. వీరకుమారి చెయ్యెత్తి కుప్పవైపు చూపించి, ఆ చెయ్యి దించడం మరచిపోయి నిలబడిపోయింది. గోడలు పడింది వానకి, తుఫానుకి కాదని ఆయన అన్నాడు. అదీ నిజమే. ఏడుకొండలు నోరు తెరిచాడు, పెళ్లాం వైపు చూశాడు, మళ్లీ మూసుకున్నాడు.

గేదెని బ్యాంకు అప్పుకింద అమ్మేశారు. చెవి బిళ్లతో సహా వెళ్లిపోయింది. దానికి తుఫానులో ఈగ వాలినంత దెబ్బ కూడా తగల్లేదు. ఎన్నాళ్లని అబ్బులు అరుగు మీద ఉంటారు? ఏడుకొండలు పనిచేసే తోట ఆసామి, కొబ్బరి డొక్కలు పోసుకునే షెడ్డులో ఒక మూల ఖాళీ చేసి ఉండమన్నాడు. నాలుగు స్తంభాలు, పైన ఎవరివో పాత రేకులు, చుట్టూ ఏమీ లేదు. నన్ను సుత్తితో కొట్టి, నడుం సరిచేసి, నిలబెట్టి ఒక పక్క గోడలా మేకులు వేశారు. నిలబెట్టిన రేకు మీద వాన పడదు, జారిపోతుంది. కాబట్టి ఇప్పుడు నాకు పెద్దగా నోరు కూడా లేదు. నా చిల్లు ఉత్తరం వైపు ఉండిపోయింది. అందులోంచి ఎండ రాదు, గాలి వస్తుంది. వీరకుమారి దాంట్లో గుడ్డపీలిక కుక్కింది.

మొన్న చాపలు అమ్ముకునే ముసలావిడ ఒకతె తోటలోంచి అడ్డంగా వచ్చింది. వాన ముందరి ఉక్కకి చెమటలు కక్కుతూ చాపల కట్ట దించి, "ఈ షెడ్డు కింద కాసేపు నీడకి కూకోనామ్మా?" అంది.

వీరకుమారి బియ్యం ఏరుతోంది. తల ఎత్తింది.

"షెడ్డు కాదవ్వా," అంది. "ఇల్లు. మా ఇల్లు. రా, కూకో."

ముసలావిడ డొక్కల గుట్టల్ని చూసింది, స్తంభాల్ని చూసింది, వచ్చి కూర్చుంది. కాయ వలుస్తున్న ఏడుకొండలు గునపం దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్లీ వలుచుకోసాగాడు.

షెడ్డేదో ఇల్లేదో నాకు తెలుసని ముందే చెప్పాను కదండీ. ఇది షెడ్డే. తవుడు బస్తాల మీద నేనున్న షెడ్డుకంటే అన్యాయమైన షెడ్డు. ఇందులో పడుకున్నవాళ్లు ఎవరూ పైకి చూడటం లేదు. ఆవిడ ఆ మాట అన్నప్పుడు తోట మీద వాన మొదలవబోతూ ఉంది, మొదటి చినుకులు ఏటవాలుగా వచ్చి నాకు తగిలాయి కూడా. ఎంతో కొంత మోత చెయ్యగలిగేదాన్నే. కానీ ఈ ఒక్క సంగతిలో మాత్రం నోరు మూసుకున్నాను.